మోత పెడుతున్న పాత వాషింగ్ మెషీన్: బాగు చేయించాలా, మార్చేయాలా?

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ కొని 11 ఏళ్లు దాటింది. ఆరు నెలలుగా స్పిన్ తిరిగేటప్పుడు మోత పెరుగుతూ వచ్చి, ఇప్పుడు పక్క గదిలో మాట్లాడుకునే మాట కూడా వినబడనంత అయింది. రెండు వారాలుగా ఉతకడం పూర్తయ్యాక డ్రమ్ములో కొంత నీరు కూడా మిగిలిపోతోంది. చూడడానికి వచ్చిన మెకానిక్ ఒకసారి నడిపించి, విని, వెనుక పలక విప్పకుండానే "దీని వయసు అయిపోయింది, దీని మీద డబ్బు పెట్టడం వృథా, కొత్తది తీసుకోండి" అని చెప్పి వెళ్లిపోయారు. బట్టలు మాత్రం ఇప్పటికీ శుభ్రంగానే ఉతుకుతోంది. దీన్ని బాగు చేయించాలనుకోవడం నా మొండితనమా? ఇంట్లో నేను స్వయంగా చేసుకోగలిగింది ఏమైనా ఉందా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీది మొండితనం కాదు. అలాగని తప్పకుండా బాగు చేయించండి అని కూడా నేను ఇప్పుడే అనలేను, ఎందుకంటే మీ మెషీన్‌లో ఏ భాగం పాడైందో మీ ఉత్తరంలో లేదు. చూడడానికి వచ్చిన వారే చెప్పనప్పుడు మీరు మాత్రం ఎలా రాయగలరు? వాషింగ్ మెషీన్ ఒక్కసారిగా మొత్తం ముసలిదైపోయే వస్తువు కాదు. దాని రేకు పెట్టె, స్టీలు డ్రమ్, బరువు కోసం బిగించిన కాంక్రీటు దిమ్మలు చాలా ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. రబ్బరు సీలు, బేరింగులు, నీటిని బయటికి తోసే పంపు, కొన్ని మోటార్లలో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మాత్రం వాడేకొద్దీ అరిగిపోతాయి, అరిగినప్పుడు మార్చుకోవలసినవి అవే. అందుచేత మెకానిక్ నోటి నుంచి మీరు వినవలసింది వయసు సంగతి కాదు, పాడైన భాగం పేరు. ఆ పేరు తెలిశాక, దాన్ని విప్పి మార్చే వీలు ఈ మోడల్‌లో ఉందా లేదా అన్నదాన్ని బట్టే నిర్ణయం తీసుకోవాలి.

మీరు చెప్పిన రెండు బాధల్లో చిన్నదానితో మొదలుపెడదాం. నీరు మిగిలిపోవడానికీ మోతకూ సంబంధం ఉండి తీరాలని ఏమీ లేదు. ప్లగ్గు తీసి, మెషీన్ ముందు భాగంలో అడుగున ఉండే చిన్న మూత తెరవండి. లోపల గుండ్రని ఫిల్టరు కనిపిస్తుంది, కొన్నింటిలో దాని పక్కనే నీరు వంపుకోవడానికి సన్నని గొట్టం కూడా ఉంటుంది. అంతకు ముందు వేడి నీళ్లతో ఉతికి ఉంటే ఆ నీరు చల్లారే వరకు ఆగండి. కింద పళ్లెం పెట్టి, పాత తువ్వాలు పరిచి, ఫిల్టరును ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా విప్పండి, లేకపోతే డ్రమ్ములో ఉన్న నీరంతా నేల మీదికి వస్తుంది. నాణేలు, గుండీలు, జడపిన్నులు, దారపు ఉండలు, చిన్నపిల్లల సాక్సులు అక్కడ దొరకడం మామూలే. ఫిల్టరు తీసేశాక ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే పంపు రెక్కలు కనబడతాయి. ఒక పుల్లతో వాటిని తిప్పి చూడండి. అవి ఆగి ఆగి కుదుపులతో తిరగడం సహజం, పంపు మోటారులో అయస్కాంతం ఉండడం వల్ల అలా అనిపిస్తుంది. ఏ పట్టూ లేకుండా గిర్రున తిరిగిపోతే రెక్కలు ఇరుసు నుంచి విడిపోయి ఉండవచ్చు, అసలు కదలకపోతే ఏదో ఇరుక్కుని ఉంటుంది. పంపే మార్చవలసి వచ్చినా అది పెద్ద పని కాదు. కొద్దిపాటి స్క్రూలు లేదా ఒక మెలిక, రెండు గొట్టాలు, ఒక వైరు కనెక్షన్, అంతే.

ఫిల్టరు శుభ్రంగానే ఉంటే, టబ్బు నుంచి పంపుకు వచ్చే మందపాటి రబ్బరు గొట్టాన్నీ, గోడ వైపు వెళ్లే డ్రెయిన్ పైపునూ కూడా చూడండి. ఈ క్రమం పాటించమని చెప్పడానికి నా స్వానుభవం ఒకటి ఉంది. ఒకసారి పంపు కాలిపోయిందని నమ్మి కొత్తది తెప్పించి బిగించాను, అయినా నీరు పోలేదు. తీరా చూస్తే రబ్బరు గొట్టం మలుపులో ఒక చేతిరుమాలు ఉండలా చుట్టుకుని కూర్చుంది. పాత పంపు ఏ లోపమూ లేకుండా నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ఇక అసలు సమస్య అయిన మోత. దీన్ని అర్థం చేసుకోవాలంటే లోపలి అమరిక కొంచెం తెలియాలి. మీరు బట్టలు వేసే చిల్లుల స్టీలు డ్రమ్ము నీరు పట్టి ఉంచే మరో పెద్ద ప్లాస్టిక్ టబ్బులో తిరుగుతుంది. టబ్బును పై నుంచి స్ప్రింగులు వేలాడదీస్తాయి, కింది నుంచి షాక్ అబ్జార్బర్లు కుదుపును అణచివేస్తాయి. డ్రమ్ము వెనుక మూడు చేతుల ఆకారంలో ఉండే అల్యూమినియం మిశ్రమలోహపు దిమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని స్పైడర్ అంటారు. దానికి బిగించిన ఇరుసు టబ్బు వెనుక గోడలోని రెండు బేరింగుల గుండా బయటికి వచ్చి పుల్లీకి, అంటే బెల్టు తిప్పే చక్రానికి చేరుతుంది. నీరు బేరింగుల్లోకి రాకుండా వాటికి ముందు ఒక రబ్బరు సీలు ఇరుసును చుట్టి పట్టుకుని ఉంటుంది. కథంతా ఈ సీలు దగ్గరే మొదలవుతుంది. ఏళ్ల తరబడి తిరిగే ఇరుసుకు రాసుకుని దాని పెదవి అరిగి, సబ్బు నీరు చుక్క చుక్కగా లోపలికి దిగుతుంది, ఆ నీటికి గ్రీజు కొట్టుకుపోతుంది, బేరింగు గుండ్లు తుప్పు పడతాయి, తుప్పు పట్టిన గుండ్లు దొర్లుతున్నప్పుడు మీరు వింటున్న ఆ మోత వస్తుంది. ఆరు నెలలుగా మెల్లమెల్లగా పెరిగిందని మీరు రాశారు. బేరింగు చెడిపోయే తీరు సరిగ్గా అలాగే ఉంటుంది కాబట్టి నా అనుమానం మొదట అక్కడికే పోతోంది.

అనుమానాన్ని నిర్ధారించుకోవడానికి పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. మళ్లీ ప్లగ్గు తీసి, ఖాళీ డ్రమ్మును చేత్తో గట్టిగా తిప్పి చెవి దగ్గరగా పెట్టి వినండి. బాగున్న డ్రమ్ము మెత్తగా తిరుగుతుంది, బేరింగు పోయినది గరగరమంటుంది, చేతికి ఇసుక మీద తిరుగుతున్నట్టు తగులుతుంది. తరువాత డ్రమ్ము అంచును లోపలి నుంచి పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. డ్రమ్ము, టబ్బు, తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ అన్నీ కలిసి కదిలితే తప్పేమీ లేదు, అవి స్ప్రింగుల మీద వేలాడుతున్నవే కదా. టబ్బు కదలకుండా డ్రమ్ము ఒక్కటే లటలటలాడితే మాత్రం బేరింగులు వదులైనట్టే. మూడో ఆధారం వెనుక పలక విప్పితే దొరుకుతుంది: పుల్లీ నడిమి నుంచి టబ్బు వెనుక గోడ మీదుగా కిందికి జారిన ముదురు గోధుమ రంగు తుప్పు చార కనబడితే నీరు సీలు దాటి వచ్చిందని వేరే సాక్ష్యం అవసరం లేదు. ఆ పలక తీయడానికి కొద్ది నిమిషాలు చాలు, మీ మెకానిక్ ఆ కొద్ది నిమిషాలు కూడా వెచ్చించలేదన్నదే నాకు మింగుడుపడని విషయం.

మోత అన్నదల్లా బేరింగు మోత కాదు, కాబట్టి మిగతావాటిని కూడా పక్కకు తప్పించాలి. బెల్టుతో నడిచే మెషీన్ అయితే బెల్టును పుల్లీ నుంచి జారదీసి డ్రమ్మును మళ్లీ తిప్పండి. గరగర అలాగే ఉంటే బేరింగు, మాయమైతే మోటారు వైపు చూడాలి. డ్రమ్ముకూ టబ్బుకూ మధ్య నాణెమో లోదుస్తుల్లోని తీగ ముక్కో చిక్కితే గీరుకుంటున్న చప్పుడో టింగుమనే చప్పుడో వస్తుంది తప్ప రోజురోజుకూ పెరిగే మోత రాదు, దాన్ని హీటరు విప్పిన రంధ్రం గుండానో టబ్బు అడుగు గొట్టం తీసో బయటికి లాగవచ్చు. స్పిన్ మొదలవగానే దభీదభీమని కొట్టుకుంటూ మెషీన్ చోటు మారుతుంటే షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయని గానీ, కాంక్రీటు దిమ్మ బోల్టులు వదులయ్యాయని గానీ, నాలుగు కాళ్లు సమంగా లేవని గానీ అనుకోవాలి. ప్రతి చుట్టుకు ఒకసారి గట్టిగా తగులుతూ డ్రమ్ము ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తే అది స్పైడర్ విరిగిన లక్షణం కావచ్చు. ఆ స్థితిలో మెషీన్‌ను ఇక నడపకండి.

బేరింగే అని తేలిందనుకుందాం. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఆ బేరింగును వాషింగ్ మెషీన్ కంపెనీ ప్రత్యేకంగా తయారు చేయదు. దాని అంచు మీద 6205 అనో 6206 అనో ఒక సంఖ్య ముద్రించి ఉంటుంది, అది ప్రపంచమంతటా ఒకే కొలతలను సూచించే సంఖ్య. 6205 అంటే లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు. 6206 అంటే 30, 62, 16. మోటార్లకూ పంపులకూ వాడేవి కూడా ఇవే కాబట్టి మెషీన్ ఎంత పాతదైనా, ఆ మోడల్ తయారీ ఏనాడో ఆగిపోయినా, బేరింగు దొరకకపోవడం అరుదు. మీ మెషీన్‌లో ఏ సంఖ్య ఉందో విప్పి చూశాకే కొనాలి, ఎందుకంటే మోడల్‌ను బట్టి మారుతుంది, ముందు వెనుక బేరింగులు రెండూ సాధారణంగా ఒకే కొలతలో ఉండవు కూడా. సీలు మాత్రం కొంచెం వెతకవలసి రావచ్చు, దాని మీద కూడా లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం ముద్రించి ఉంటాయి. రెండు బేరింగులనూ సీలునూ ఒకేసారి మార్చాలి. ఒక్క బేరింగు మార్చి పాత సీలునే పెట్టించుకుంటే కొత్త బేరింగు కూడా అదే నీటిలో మునుగుతుంది.

అసలు చిక్కు బేరింగు దగ్గరికి చేరుకోవడంలో ఉంది. టబ్బు రెండు సగాలుగా తయారవుతుంది. పాత మెషీన్లలో ఆ రెండు సగాలను చుట్టూ స్క్రూలతోనో క్లిప్పులతోనో బిగించి, మధ్యలో రబ్బరు వలయం పెట్టేవారు, విప్పితే డ్రమ్ము బయటికి వచ్చేస్తుంది. తరువాత వచ్చిన మోడళ్లలో చాలావాటికి రెండు సగాలను వేడితో కరిగించి శాశ్వతంగా అతికించేస్తున్నారు, అందువల్ల లోపలి చిన్న సీలు పాడైనా డ్రమ్ముతో సహా టబ్బు మొత్తం మార్చాలని కంపెనీ వారు చెబుతారు. మీ మెషీన్ పై పలక తీసి టబ్బు చుట్టూ ఉండే అతుకును చూడండి. వరసగా స్క్రూ తలలు కనబడితే మీ అదృష్టం, ఎక్కడా తెగని గీతలా అతుకు ఒక్కటే ఉంటే అతికించిన టబ్బు. పాతది కావడమే మీ మెషీన్‌కు కలిసివచ్చే అవకాశం ఇక్కడ ఉంది, ఎందుకంటే విప్పగలిగే టబ్బు పాతవాటిలోనే ఎక్కువ, ఇప్పుడు కొనే కొత్తదానిలో అది ఉంటుందన్న హామీ లేదు.

అతికించిన టబ్బు అయినా దారి పూర్తిగా మూసుకుపోదు. అనుభవం ఉన్న మెకానిక్‌లు అతుకు వెంబడి రంపంతో కోసి, బేరింగులు మార్చి, వేడి నీటిని తట్టుకునే సీలెంటు పూసి, చుట్టూ స్క్రూలతో మళ్లీ బిగిస్తారు. కొన్ని టబ్బుల అంచులో స్క్రూలు పట్టే రంధ్రాలు ముందుగానే ఉంటాయి కూడా. ఇలా చేసిన వాటిని నేను చూశాను, బాగానే నడుస్తున్నాయి. కానీ ఇది చేతి నైపుణ్యం మీద ఆధారపడిన పని. కోత వంకరపోయినా, సీలెంటు ఎక్కడైనా తప్పిపోయినా నీరు కారుతుంది, ఆ నీరు కారేది కరెంటు వైర్లున్న పెట్టెలోకి. ఇదివరకు ఇలాంటివి చేసిన మనిషి, చేసినదానికి కొంతకాలం బాధ్యత వహిస్తానన్న మనిషి దొరికితేనే దీనికి ఒప్పుకోండి, మొదటిసారిగా మీ మెషీన్ మీద నేర్చుకుంటానన్నవారికి ఇవ్వకండి.

టబ్బు తెరిచాక చూసి తీరవలసినవి రెండు. మొదటిది, ఇరుసు మీద సీలు కూర్చునే చోటు. అక్కడ గాడి పడినా తుప్పు గుంటలు పడినా కొత్త సీలు కూడా నీటిని ఆపలేదు. రెండోది స్పైడర్. తడిగా ఉన్నచోట స్టీలు, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి ఉంటే అల్యూమినియం తినేయబడుతుంది, పైగా సబ్బు నీటికి ఉండే క్షారగుణం ఆ పనిని వేగవంతం చేస్తుంది. బూడిద రంగు జిగురు, దాని కింద తెల్లని పొడి, గీకితే రాలే లోహం కనబడితే చేతులు ఎంత మిగిలాయో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. గట్టిగా ఉంటే శుభ్రం చేసి తిరిగి బిగించవచ్చు. పగుళ్లు ఉంటే స్పైడర్ కూడా మార్చాలి, అది ఆ మోడల్‌కే ప్రత్యేకమైన భాగం కాబట్టి అప్పుడు అసలు దొరుకుతుందా అన్న ప్రశ్న వస్తుంది.

ఈ కారణంగానే మీకు ఒక హెచ్చరిక కూడా చేయాలి. నిర్ణయం తీసుకునే వరకు ఇలాగే నడుపుదాం అనుకోకండి. బేరింగు మోతతో నడిచిన ప్రతి వారమూ ఇరుసును ఇంకొంచెం అరగదీస్తుంది. చివరికి బేరింగు పూర్తిగా పగిలిపోయి డ్రమ్ము టబ్బును రాసుకుంటే, అప్పటి దాకా రెండు బేరింగులు, ఒక సీలుతో పోయే మరమ్మతు టబ్బు దాకా పాకుతుంది. అత్యవసరమై ఉతకవలసి వస్తే తక్కువ బట్టలు వేసి, స్పిన్ వేగాన్ని అన్నింటికంటే తక్కువకు పెట్టి నడపండి, అదీ కొద్దిసార్లే.

ఇప్పుడు డబ్బు సంగతి. మరమ్మతు ఖర్చు కొత్త మెషీన్ ధరలో సగం దాటితే మార్చేయాలని ఒక లెక్క చాలామంది చెబుతారు. ఆ లెక్క సులువుగా ఉంటుంది గానీ, మరమ్మతు తరువాత ఈ మెషీన్ ఇంకెన్నాళ్లు వస్తుంది, కొత్తది ఎన్నాళ్లు వస్తుంది అన్నది అందులో లేదు. నేనైతే ఒక్కో ఏడాదికి ఎంత పడుతుందో చూస్తాను: మరమ్మతు ఖర్చును, బాగయ్యాక నడుస్తుందని న్యాయంగా ఆశించగల ఏళ్లతో భాగించి, కొత్తదాని ధరను దాని ఏళ్లతో భాగించి, రెండింటినీ పక్కపక్కన పెడతాను. స్క్రూల టబ్బు, గట్టి స్పైడర్, మంచి మోటారు ఉన్న మెషీన్‌కు బేరింగులు, సీలు మార్పిస్తే ఈ పోలికలో సాధారణంగా పాతదే నెగ్గుతుంది. అతికించిన టబ్బు మొత్తం మార్చవలసి వచ్చి, దానికి తోడు స్పైడర్ కూడా పోయి, సర్క్యూట్ బోర్డు కూడా అప్పుడప్పుడు మొరాయిస్తుంటే, నేను కూడా ఆ మెకానిక్ మాటే చెబుతాను. పెట్టె అడుగు రేకు తుప్పుతో చిల్లులు పడి, షాక్ అబ్జార్బర్లు బిగించే చోటే బలహీనమైతే కూడా అంతే. పెద్ద భాగం ఒకటి పోతే బాగు చేయించండి, రెండు మూడు ఒకేసారి పోతే పట్టు విడవండి. 11 ఏళ్లు అన్న సంఖ్య ఒక్కటే నా దృష్టిలో కారణం కాదు.

కొత్తది కొంటే కరెంటు ఆదా అవుతుందన్న మాట మీకు తప్పక వినిపిస్తుంది కాబట్టి అది కూడా లెక్క వేసి చూద్దాం. వాషింగ్ మెషీన్‌లో కరెంటును ఎక్కువగా తినేది మోటారు కాదు, సుమారు 2000 వాట్ల హీటరు. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడి చేయాలంటే దాదాపు 0.6 యూనిట్ కావాలి, 40 డిగ్రీలకైతే పావు యూనిట్ చాలు. మెషీన్ కొత్తదైనా పాతదైనా అంతే నీటిని అంతే వేడి చేయడానికి అంతే కరెంటు పడుతుంది, అందులో మిగిల్చుకోవాలంటే నీరైనా తక్కువ వాడాలి, వేడైనా తగ్గించాలి. మీరు చల్లని నీళ్లతో ఉతికేవారైతే హీటరు అసలు వెలగదు, అప్పుడు కొత్త మెషీన్ మిగిల్చేది స్వల్పమే. నీటి విషయంలో మాత్రం, మీది ఎక్కువ నీరు తాగే పాత టాప్ లోడ్ మెషీన్ అయ్యుంటే ఫ్రంట్ లోడ్‌కు మారమనడంలో అర్థం ఉండేది. మీది ఎలాగూ ఫ్రంట్ లోడే.

విడిభాగాలు ఎంతకాలం దొరకాలి అన్నదానికి ఒక కొలబద్ద చెబుతాను. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, అక్కడ అమ్మే వాషింగ్ మెషీన్ మోడల్ చివరి యంత్రం మార్కెట్లోకి వచ్చిన తరువాత కూడా కనీసం 10 ఏళ్ల పాటు ముఖ్యమైన విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. ఆ నిబంధన మీకు వర్తించినా వర్తించకపోయినా, కొన్న రోజు నుంచి కాక తయారీ ఆగిన నాటి నుంచి లెక్కపెట్టడం గమనించండి. పదేళ్లు దాటిన మెషీన్‌కు భాగాలు దొరకవు అని ఎవరైనా తేలిగ్గా అంటే నమ్మకుండా, తలుపు చట్రం మీద అంటించిన స్టిక్కరులోని పూర్తి మోడల్ సంఖ్యను ఒక్క అక్షరం కూడా వదలకుండా రాసుకుని, దానితో స్వయంగా వాకబు చేయండి.

మరో మెకానిక్‌ను పిలవండి. పిలిచేటప్పుడే వెనుక పలక విప్పి చూడాలని చెప్పండి, చూసినందుకు ఇచ్చే రుసుము వేరుగా మాట్లాడుకోండి, అప్పుడు కొత్తది కొనమని చెప్పి తప్పించుకోవలసిన తొందర వారికి ఉండదు. ఏ భాగం పోయింది, ఏ ఆధారంతో అంటున్నారు, టబ్బు స్క్రూలదా అతికించినదా, బేరింగులతో పాటు సీలు కూడా మారుస్తారా, ఇరుసు, స్పైడర్ చూసి ఫొటో తీసి చూపిస్తారా, పాత భాగాలు తిరిగి ఇస్తారా అని అడగండి. పని తెలిసినవారికి ఈ ప్రశ్నలు చిరాకు తెప్పించవు, పైగా ఉత్సాహంగా చెబుతారు. ఇంకో మాట: అంచనా టబ్బు తెరవకముందు ఒకటి, తెరిచాక ఒకటి ఉంటుంది. స్పైడర్ పోయిందని తెరిచాక తేలితే అక్కడితో ఆపేయడానికి ఎంత ఇవ్వాలో ముందే తేల్చుకుంటే తరువాత మాటల పట్టింపులు రావు.

మీరు స్వయంగా చేయగలిగింది ఏమిటని అడిగారు. ఫిల్టరు శుభ్రం చేయడం, నీరు వచ్చే పైపు చివర ఉండే చిన్న జాలీని కడగడం, కాళ్లు సమం చేయడం, నేను పైన చెప్పిన పరీక్షలన్నీ చేయడం ఎవరైనా చేయవచ్చు. స్క్రూడ్రైవరు పట్టుకోవడం అలవాటు ఉంటే పంపు, బెల్టు, కార్బన్ బ్రష్‌లు, తలుపు గాస్కెట్ కూడా మార్చుకోవచ్చు. ప్రతిసారీ ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీసెయ్యండి, గోడ మీది స్విచ్ ఆపితే సరిపోతుందనుకోవద్దు. వైర్లు పీకే ముందు ఫొటో తీసుకోండి. కరెంటును నిల్వ ఉంచుకునే డబ్బాలాంటి కెపాసిటర్ కనబడితే దాని తీగల జోలికి పోకండి, ప్లగ్గు తీశాక కూడా అది షాక్ కొట్టగలదు. బేరింగుల పని మాత్రం ఒంటరిగా తలపెట్టవద్దని నా సలహా. కాంక్రీటు దిమ్మలతో కలిసి టబ్బు ఇద్దరు ఎత్తవలసినంత బరువు ఉంటుంది, తుప్పుతో బిగుసుకున్న ఇరుసును బయటికి కొట్టేటప్పుడు దాని మర చెడితే కథ అక్కడితో ముగుస్తుంది. ఎవరు చేసినా ఇరుసు చివర బోల్టును వదులుగా బిగించి ఉంచి, మధ్యలో చెక్క ముక్క అడ్డం పెట్టి కొట్టాలి. కొత్త బేరింగును టబ్బులోకి దించేటప్పుడు దాని బయటి వలయం మీదే దెబ్బ పడాలి, లోపలి వలయం మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదికి పోయి కొత్త బేరింగు మొదటి రోజే దెబ్బతింటుంది. మీరు పక్కన నిలబడి చూసేవారైనా ఈ రెండు సంగతులు కనిపెట్టి ఉండండి.

బాగయ్యాక ఒక చిన్న మార్పు చేసుకోండి. స్పైడర్‌ను తినేసేదీ, గాస్కెట్ మడతల్లో బూజు పెంచేదీ ఎక్కువైన డిటర్జెంట్ అవశేషమే. చాలామంది అవసరానికి మించే వేస్తారు. నురుగు ఎక్కువ వచ్చే మామూలు పొడి ఫ్రంట్ లోడ్‌కు పనికిరాదు. నెలకోసారి బట్టలు లేకుండా వేడి నీళ్లతో నడపండి, ఉతికాక తలుపును కాస్త తెరిచి ఉంచండి. గార పట్టే నీళ్లయితే అప్పుడప్పుడు సిట్రిక్ ఆమ్లం వేసి నడపవచ్చు, కానీ అదే విడతలో బ్లీచింగ్ మాత్రం కలపవద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది.

చివరగా, టబ్బు తెరవడానికి మెషీన్‌ను బయటికి తీసుకువెళ్లాలని మెకానిక్ అంటే, కొన్న రోజున వెనుక నుంచి విప్పి దాచిన పొడవాటి రవాణా బోల్టులు ఇంట్లో ఎక్కడున్నాయో వెతికి పెట్టండి. వాటిని బిగిస్తేనే దారిలో కుదుపులకు డ్రమ్ము ఊగిపోకుండా ఉంటుంది, తిరిగి వచ్చాక స్విచ్ వేసే ముందు మరచిపోకుండా విప్పించాలి కూడా. అవి దొరకకపోతే పై పలక తీసి, టబ్బుకూ పెట్టె గోడలకూ మధ్య మందపాటి దుప్పట్లు బిగుతుగా కూరి, మెషీన్‌ను పడుకోబెట్టకుండా నిలువుగానే తీసుకువెళ్లమని చెప్పండి.